కారు బ్రేకులు మెరుగుపరచుకోవాలా? కడపలో మా షెడ్డుకు వచ్చేవాళ్లు అడిగే ప్రశ్నలు

రాయచోటి వైపు, తిరుపతి వైపు తరచూ తిరిగేవాళ్లు మమ్మల్ని ఫోన్లో, షెడ్డులో ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. స్విఫ్ట్, డిజైర్, ఐ20, ఎర్టిగా లాంటి సొంత కార్లను దృష్టిలో పెట్టుకుని రాశాం. లారీలు, బస్సుల గాలి బ్రేకులకు ఇందులో చాలా విషయాలు వర్తించవు.

అన్నా, బ్రేకులు సరిగ్గా పడటం లేదు. పెద్ద డిస్కులు వేయిస్తే సరిపోతుందా?

ముందు బండి చూడాలి. "సరిగ్గా పడటం లేదు" అని వచ్చే బండ్లలో చాలావాటికి పెద్ద డిస్కులు (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లాలు) అక్కర్లేదు. కంపెనీ ఇచ్చిన బ్రేకులే మామూలుగా పనిచేసేలా చేస్తే చాలు.

ఆ ఒక్క మాట వెనక రకరకాల జబ్బులుంటాయి. పెడల్ స్పాంజ్ మాదిరి మెత్తగా లోపలికి పోతుంటే బ్రేకు ఆయిల్ లైన్లో గాలి చేరి ఉంటుంది, లేదా ఆయిల్ పాతబడి ఉంటుంది. కాలు పెట్టి ఉంచితే పెడల్ మెల్లగా కిందికి దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ (పెడల్ బలాన్ని ఆయిల్‌కు అందించే భాగం) సీళ్ల మీద అనుమానం. పెడల్ రాయి మాదిరి గట్టిగా ఉండి బండి ఆగకపోతే బూస్టర్‌నో (తొక్కే బలాన్ని పెంచే భాగం), దానికి ఇంజిన్ నుంచి వచ్చే వాక్యూమ్ పైపునో చూడాలి. బ్రేకు వేయగానే బండి ఒక పక్కకు లాగితే చాలాసార్లు క్యాలిపర్ (డిస్కును పట్టి నొక్కే భాగం) పిన్ను పట్టేసి ఉంటుంది. వీటిలో ఏది ఉన్నా, దాన్ని అలాగే వదిలేసి పెద్ద డిస్కు వేస్తే జబ్బు ఎక్కడికీ పోదు. ఖర్చు మాత్రం మిగులుతుంది.

నా కారుకు అప్‌గ్రేడ్ కావాలో వద్దో నేనే తెలుసుకునే దారి ఉందా?

ఉంది. 2019 తర్వాత వచ్చిన కార్లన్నిటికీ ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు) ఉంటుంది. వెనక బండ్లు లేని, పొడిగా ఉన్న ఖాళీ రోడ్డు చూసుకోండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పూర్తి బలంతో తొక్కండి. కాలి కింద పెడల్ గరగరమని అదిరితే ఏబీఎస్ పనిచేస్తోందన్నమాట. అంటే మీ బ్రేకులకు చక్రాన్ని లాక్ చేసేంత బలం ఇప్పటికే ఉంది. ఇంకా తక్కువ దూరంలో ఆగకపోవడానికి కారణం రోడ్డు మీద టైరు పట్టు. ఈ బండికి బ్రెంబో లాంటి ఖరీదైన కంపెనీ క్యాలిపర్లు బిగించినా ఆ ఒక్క బ్రేకుకు ఆగే దూరం పెద్దగా తగ్గదు.

అందుకే బ్రేకుల కోసం వచ్చినవాళ్ల టైర్లు ముందు చూస్తాం. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగు అంకెలు అచ్చుపోసి ఉంటాయి. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైన టైరు అని లెక్క. అరుగుదల కనబడకపోయినా మన ఎండలకు ఏళ్ల తరబడి ఎండిన రబ్బరు గట్టిపడుతుంది, తొలి వానకు జారుతుంది. బండి తక్కువ తిప్పేవాళ్లు "టైర్లు కొత్తవే, పది వేలు కూడా తిరగలేదు" అంటారు. తిరిగిన కిలోమీటర్లతో పాటు వయసు కూడా చూడాలి.

మరి పెద్ద డిస్కులు దేనికి పనికొస్తాయి?

వేడి తట్టుకోవడానికి. బ్రేకు చేసేదల్లా బండి కదలికలో ఉన్న శక్తిని వేడిగా మార్చడమే. వేగం రెట్టింపైతే ఆ శక్తి నాలుగింతలవుతుంది. 60లో ఆగడానికీ 120లో ఆగడానికీ తేడా రెండింతలే అనుకుంటారు, కానీ బ్రేకుల మీద పడే భారం నాలుగింతలు.

ఘాట్ లెక్క ఇంకోలా ఉంటుంది. మనుషులు, సామాన్లతో కలిపి 1500 కిలోల బండి గంటకు 80 కిలోమీటర్ల వేగం నుంచి ఒకసారి ఆగితే పుట్టే వేడి సుమారు 370 కిలోజౌళ్లు. అదే బండి తిరుమల నుంచి తిరుపతికి దిగితే దాదాపు 700 మీటర్ల ఎత్తు తగ్గుతుంది. ఆ ఎత్తు దిగడంలో వదిలించుకోవాల్సిన శక్తి పది వేల కిలోజౌళ్ల పైమాటే. అంటే 80 నుంచి సున్నాకు ఇరవై ఏడు ఇరవై ఎనిమిది సార్లు వరసగా ఆపినట్టు. ఇందులో కొంత గాలి, టైర్ల రాపిడి తీసుకుంటాయి. గేరులో ఉంటే ఇంజిన్ చాలా భాగం తీసుకుంటుంది. న్యూట్రల్‌లో దిగితే ఆ ఇంజిన్ వాటా కూడా పాడ్లు (డిస్కును రుద్ది ఆపే పలకలు), డిస్కుల మీదే పడుతుంది.

పెద్ద డిస్కులో ఇనుము ఎక్కువ కాబట్టి అదే వేడికి తక్కువ ఎర్రబడుతుంది, గాలికి తొందరగా చల్లారుతుంది. ఘాట్లలో రోజూ నిండు బండితో తిరిగేవాళ్లకు, హైవే మీద ఎప్పుడూ వేగంగా పోయేవాళ్లకు దీంతో లాభముంది. కడప నుంచి ప్రొద్దుటూరుకు పోయి వచ్చే బండికి కనబడే లాభం ఏమీ ఉండదు.

ఘాట్ దిగేటప్పుడు కాలిన వాసన వచ్చింది, బ్రేకు పడలేదు. ఏమైనట్టు?

ఈ ప్రశ్న కడప, రాయచోటి మధ్య ఉన్న గువ్వలచెరువు ఘాట్ దిగి వచ్చినవాళ్ల దగ్గర ఎక్కువ వింటాం. ఇందులో రెండు వేర్వేరు సంగతులుంటాయి. కాలు పెట్టినప్పుడు పెడల్ ఎలా ఉందో గుర్తు తెచ్చుకుంటే ఏది జరిగిందో తెలిసిపోతుంది.

పెడల్ గట్టిగానే ఉంది, ఎంత తొక్కినా బండి మాత్రం ఆగలేదంటే పాడ్ల మెటీరియల్ దాని హద్దు దాటి వేడెక్కి పట్టు వదిలిందన్నమాట. మెకానిక్కులు దీన్నే ఫేడ్ అంటారు. చల్లారితే చాలావరకు మళ్లీ పట్టు వస్తుంది. కానీ ఒకసారి బాగా కాలిన పాడ్ల పైపొర అద్దం మాదిరి నున్నగా అయిపోయి ఉంటే మార్చేయడమే మేలు.

పెడల్ మెత్తబడి నేల దాకా పోయిందంటే అది పాడ్ల తప్పు కాదు, బ్రేకు ఆయిల్ మరిగింది. ద్రవాన్ని నొక్కితే ఒత్తిడి అటువైపు చేరుతుంది. అదే ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడితే మీరు తొక్కే బలమంతా ఆ బుడగల్ని నలపడానికే సరిపోతుంది. ఇది మొదటి దానికంటే ప్రమాదం, ఎందుకంటే ముందుగా హెచ్చరిక ఉండదు. ఒక మలుపు దగ్గర బాగానే పడిన బ్రేకు తర్వాతి మలుపులో ఉండదు.

అలాంటప్పుడు టెన్షన్ పడి ఇంజిన్ మాత్రం ఆపొద్దు. ఇంజిన్ ఆగితే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకు అయిపోతుంది, స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది. పెడల్‌ను గబగబా పంప్ చేయండి, ఒక్కో గేరూ కిందికి వేయండి, హ్యాండ్ బ్రేకు బటన్ నొక్కి పట్టుకుని కొద్దికొద్దిగా లాగండి. ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు లాకై బండి తిరిగిపోతుంది. హజార్డ్ లైట్లు వేసి, హారన్ కొడుతూ కొండ వైపు అంచుకు తీసుకురండి.

ఘాట్‌లో న్యూట్రల్‌లో దిగితే పెట్రోల్ మిగులుతుంది కదా?

మిగలదు. ఇప్పటి ఇంజెక్షన్ కార్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే కంప్యూటర్ ఇంధనం ఆపేస్తుంది. చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో వేస్తే మాత్రం ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి ఇంధనం పోస్తూనే ఉంటుంది. అంటే న్యూట్రల్‌లో దిగేవాళ్లకు పెట్రోలూ ఎక్కువే ఖర్చవుతుంది, బ్రేకులూ కాలతాయి. పాత కార్బురేటర్ కాలం అలవాటు ఇంకా పోలేదు.

ఘాట్ ఎక్కడానికి ఏ గేరు పడుతుందో దిగడానికీ అదే గేరు అన్న పాత డ్రైవర్ల సూత్రం ఇప్పటికీ సరైనదే. ఏఎంటీ (క్లచ్ పెడల్ లేకుండా తనే గేర్లు మార్చుకునే) బండి అయితే మాన్యువల్ మోడ్‌కు మార్చి రెండో గేరులో పెట్టండి. సీవీటీ (మెట్లు లేని ఆటోమేటిక్ గేరు) బండిలో ఎల్ ఉంటే దాన్ని వాడండి. బ్రేకు మీద కాలు ఆనించి దిగొద్దు. కాసేపు గట్టిగా తొక్కి వేగం బాగా తగ్గించి పూర్తిగా వదలండి, వదిలినప్పుడు డిస్కుకు గాలి తగులుతుంది. తిరుమల ఘాట్‌లో మరీ తొందరగా దిగినవాళ్లకు జరిమానా ఎందుకు వేస్తారో ఈ లెక్క తెలిస్తే అర్థమవుతుంది.

బ్రేకు ఆయిల్ ఏది పోయించాలి? డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 అంటున్నారు, తేడా ఏంటి?

మన ప్రాంతం వాళ్లకు తక్కువ ఖర్చులో ఎక్కువ లాభమిచ్చే పని ఇదేనని మా అభిప్రాయం. అందుకే కొంచెం వివరంగా చెబుతాం.

కొత్త సీసాలో ఉన్న డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, డాట్ 4 అయితే 230, డాట్ 5.1 అయితే 260. ఇవి ప్రమాణంలో పెట్టిన కనీస అంకెలు. మంచి కంపెనీల ఆయిల్ ఇంతకంటే మెరుగ్గానే ఉంటుంది. అయితే ఈ ఆయిళ్లన్నీ గాల్లో తేమను పీలుస్తాయి. రబ్బరు హోసుల గుండా, ట్యాంకు మూత దగ్గర నుంచి కొద్దికొద్దిగా తేమ చేరుతూనే ఉంటుంది. 3.7 శాతం నీరు కలిసేసరికి డాట్ 3 మరిగే స్థాయి 140 డిగ్రీలకు, డాట్ 4 ది 155కు, డాట్ 5.1 ది 180కి పడిపోవచ్చు. ఐదారేళ్లుగా మార్చని ఆయిల్‌తో ఘాట్ దిగడం అంటే ఏంటో ఈ అంకెలే చెబుతాయి.

రెండేళ్లకోసారి, లేదా మీ కారు పుస్తకంలో రాసిన కిలోమీటర్లకు, ఏది ముందొస్తే అప్పుడు మొత్తం ఆయిల్ మార్పించండి. ట్యాంకులో కనబడేది తీసి కొత్తది పోసి "మార్చేశాం" అంటే ఒప్పుకోవద్దు. నాలుగు చక్రాల దగ్గరా నిపుల్ (ఆయిల్ బయటికి వదిలే మర) విప్పి, పాతది పోయి కొత్త రంగు ఆయిల్ వచ్చేదాకా తీయాలి. ట్యాంకు మూత మీద డాట్ 3 అని ఉంటే డాట్ 4 పోయవచ్చు. డాట్ 4 అని ఉన్నచోట డాట్ 3 పోయకూడదు. ఏబీఎస్ ఉన్న బండ్లలో కొన్నిటికి పలచటి రకం డాట్ 4 చెబుతారు, అది కారు పుస్తకంలో ఉంటుంది.

డాట్ 5 అన్నది వేరే జాతి. పేరు చూసి 5.1 కి తమ్ముడనుకోవద్దు. అది సిలికోన్ ఆయిల్, మిగతా వాటితో కలవదు, ఏబీఎస్ బండ్లకు పనికిరాదు.

ఇంకో మాట. దారిలో ఆయిల్ తగ్గిందని పల్లె షాపులో దొరికిన ఇంజిన్ ఆయిలో, పవర్ స్టీరింగ్ ఆయిలో పోస్తే రబ్బరు సీళ్లన్నీ ఉబ్బిపోతాయి. తర్వాత మాస్టర్ సిలిండర్ నుంచి క్యాలిపర్ల దాకా అన్నీ విప్పాల్సిందే.

ట్యాంకులో ఆయిల్ తగ్గుతూ ఉంటే టాప్ అప్ చేసుకుంటే చాలా?

పాడ్లు అరిగేకొద్దీ క్యాలిపర్ పిస్టన్లు బయటికి వస్తాయి, ఆ మేరకు ట్యాంకులో మట్టం కొంచెం దిగుతుంది. కాబట్టి మట్టం తగ్గిందంటే ముందు పాడ్లు చూడమని అర్థం. పాడ్లు మందంగానే ఉన్నా ఆయిల్ తగ్గుతుంటే ఎక్కడో లీకు ఉంది, ఆ బండి ఊరు దాటకూడదు.

మే నెల ఎండలకు బ్రేకు ఆయిల్ మరుగుతుందంటారు, నిజమా?

ఎండ ఒక్కటే మరిగించలేదు. ఘాట్‌లో డిస్కు మూడు నాలుగు వందల డిగ్రీలకు పోగలదు. దాని ముందు బయట 25 డిగ్రీలున్నా 44 డిగ్రీలున్నా తేడా చిన్నదే. ఎండ దెబ్బ టైర్ల మీద, రబ్బరు హోసుల మీద ఎక్కువ.

ఏ పాడ్లు మంచివి? సిరామిక్ వేయించమంటున్నారు.

వాడకాన్ని బట్టి ఉంటుంది. కంపెనీతో వచ్చేవి చాలావరకు ఆర్గానిక్ రకం, లేదా తక్కువ లోహం కలిసినవి. శబ్దం తక్కువ, చల్లగా ఉన్నప్పుడూ బాగా పడతాయి, మరీ వేడెక్కితే పట్టు వదులుతాయి. సెమీ మెటాలిక్ వేడిని బాగా తట్టుకుంటుంది. బదులుగా నల్లటి పొడి రాలుతుంది, కొన్నిసార్లు కీచుమంటుంది, డిస్కును కొంచెం ఎక్కువ అరగదీస్తుంది. సిరామిక్ శుభ్రంగా ఉంటుంది, చక్రాలకు మసి పట్టదు, శబ్దం చేయదు. దాని గొప్ప అదే. "సిరామిక్ అంటే రేసు కార్లలో వాడేది" అని అమ్మేవాళ్లుంటారు. ఖరీదైన స్పోర్ట్స్ కార్లలో వచ్చేవి కార్బన్ సిరామిక్ డిస్కులు, ఆ సంగతే వేరు.

అసలు రేసు పాడ్లు రోడ్డుకు పనికిరావు. బాగా వేడెక్కితేగానీ పట్టవు. పొద్దున ఇంట్లోంచి తీసి ఏడురోడ్ల సర్కిల్ దగ్గర మొదటి బ్రేకు వేసేసరికి అవి ఇంకా చల్లగానే ఉంటాయి.

ఊళ్లో తిరిగే బండికి కంపెనీ పాడ్లే వేయించుకోండి. నెలకు నాలుగైదు సార్లు నిండు బండితో రాయచోటి, మదనపల్లె, తిరుమల పోయేవాళ్లయితే బాష్ లాంటి పేరున్న కంపెనీ సెమీ మెటాలిక్ పాడ్ల గురించి ఆలోచించవచ్చు. ఏవి వేసినా ముందు రెండు చక్రాలకూ ఒకేసారి, ఒకే రకం వేయాలి. ఒక పక్క అరిగింది కదా అని ఒకటే మార్చడం కుదరదు.

నకిలీ పాడ్లు ఎలా గుర్తుపట్టాలి?

డబ్బా చూసి గుర్తుపట్టడం కష్టం, అచ్చు బాగానే కొడుతున్నారు. అధీకృత డీలర్ దగ్గర బిల్లుతో కొనడమే నమ్మకమైన దారి. ఇంకో పరీక్ష ధరే. షోరూం ధరలో మూడో వంతుకే "అదే కంపెనీ మాలు" ఇస్తానంటే అది అదే కంపెనీ మాలు కాదు. చవక పాడ్లలో మెటీరియల్ ఇనుప పలక నుంచి ఊడిపోవడం కూడా జరుగుతుంది. కారులో ఎక్కడ పొదుపు చేసినా చేయండి, ఇక్కడ వద్దు.

కొత్త పాడ్లు వేశాక బ్రేకు ముందుకంటే తక్కువ పడుతోందేంటి?

ఇంకా డిస్కుతో కలిసి కుదురుకోలేదు. దీన్ని బెడ్డింగ్ అంటారు, చాలాచోట్ల చేయకుండానే బండి చేతికిస్తారు. పొద్దున్నే ఖాళీగా ఉన్న బైపాస్ మీద గంటకు 60 నుంచి 10 దాకా ఒక మోస్తరు గట్టిగా బ్రేకు వేసి, పూర్తిగా ఆగకుండా మళ్లీ వేగం అందుకోవాలి. ఇలా ఎనిమిది పది సార్లు చేశాక నాలుగైదు కిలోమీటర్లు బ్రేకు ఎక్కువ వాడకుండా నడిపి చల్లార్చాలి. కొంచెం వాసన వస్తే భయపడొద్దు. పాడ్ల డబ్బాలో తయారీదారు వేరేగా చెప్పి ఉంటే అదే పాటించండి.

వేడి మీదున్నప్పుడు ఆపి పెడల్ తొక్కి పట్టుకోవద్దు. పాడ్ ఆకారంలోనే డిస్కు మీద మచ్చ పడుతుంది, ఆ తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. తిరుమల నుంచి దిగి అలిపిరి దగ్గర ఆపినా ఇదే జాగ్రత్త: సమతలంగా ఉన్నచోట గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేకు కాసేపటి తర్వాత వేయండి. వేడి చక్రాల మీద నీళ్లు పోసేవాళ్లనూ చూస్తుంటాం. ఎర్రగా కాలిన పోత ఇనుము మీద చన్నీళ్లు పడితే వంకర పోవచ్చు, పగుళ్లు రావచ్చు.

రంధ్రాలున్న డిస్కులు, గీతలున్న డిస్కులు వేయించాలా?

అందం కోసమైతే మీ ఇష్టం. రంధ్రాలంటే అంతమేర ఇనుము తక్కువ, వేడి దాచుకునే శక్తీ తక్కువే. పైగా గట్టిగా వాడితే ఆ రంధ్రాల దగ్గరే పగుళ్లు మొదలవుతాయి. లేత్ మీద మామూలు డిస్కుకు రంధ్రాలు కొట్టించుకునే పని మాత్రం అస్సలు చేయొద్దు. గీతలవి కొంత నయం, కానీ పాడ్లను తొందరగా తింటాయి. ముందు చక్రాలకు లోపల గాలి సందులున్న మామూలు వెంటిలేటెడ్ డిస్కు, మంచి కంపెనీది, మన అవసరాలకు చాలు.

లేత్ పట్టించడం గురించి కూడా అడుగుతారు. ప్రతి డిస్కు మీద కనీస మందం మిల్లీమీటర్లలో అచ్చుపోసి ఉంటుంది. చెక్కిన తర్వాత కూడా అంతకంటే ఎక్కువ మిగలాలి. మిగలకపోతే కొత్తవే. "ఇంకోసారి లేత్ పట్టిస్తే చాలు" అనే ముందు మైక్రోమీటర్‌తో కొలిచి చూపించమనండి.

వెనక డ్రమ్ములు తీసి డిస్కులు పెట్టించుకోవచ్చా?

వద్దనే చెబుతాం. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది, పనిలో డెబ్బై శాతం దాకా ముందు చక్రాలదే. వెనక డ్రమ్ములకు (షూలు లోపలి నుంచి నొక్కే బ్రేకులు) మిగిలే పని కొద్దిగా, దానికి అవి చాలు. హ్యాండ్ బ్రేకు కూడా వాటిలోనే గట్టిగా పడుతుంది. ముందు వెనకల మధ్య బ్రేకు బలం ఎలా పంచాలో కంపెనీ లెక్క కట్టి ఏబీఎస్, ఈబీడీ (ఆ బలాన్ని చక్రాలకు పంచే ఏర్పాటు) కంప్యూటర్‌లో పెట్టింది. వెనక బలం పెంచితే ఆ లెక్క తప్పుతుంది. తడి రోడ్డు మీద మొదట వెనక చక్రాలే పట్టు వదిలితే బండి బొంగరమే.

పాత బండికి ఏబీఎస్ పెట్టించవచ్చా అని కూడా అడుగుతారు. దానికి పెట్టే డబ్బుతో ఏబీఎస్ ఉన్న సెకండ్ హ్యాండ్ కారుకు మారడం తెలివైన పని.

స్టీల్ అల్లిక హోసులు?

పదేళ్లు దాటిన బండిలో రబ్బరు హోసులు పగుళ్లిచ్చి, తొక్కినప్పుడు ఉబ్బుతుంటే మార్చాలి. కొత్త రబ్బరువి వేసినా పెడల్ గట్టిపడుతుంది, స్టీల్ అల్లికవైతే ఇంకొంచెం. ఆగే దూరం తగ్గదు, కాలికి తెలిసే తేడా మాత్రమే.

క్యాలిపర్లకు ఎర్ర రంగు వేయిస్తే?

ఎర్రగా ఉంటాయి.

పెద్ద అల్లాయ్ వీల్స్ వేయించాక బ్రేకు మందంగా పడుతోంది. ఎందుకు?

చక్రం బయటి వ్యాసం పెరిగితే అదే బ్రేకు బలం రోడ్డు దగ్గరకు వచ్చేసరికి తగ్గుతుంది. చక్రం బరువు పెరిగితే దాన్ని ఆపడానికీ కొంత బలం పోతుంది. స్పీడోమీటర్ కూడా తక్కువ చూపిస్తుంది, అంటే మీరు అనుకున్న దానికంటే వేగంగా పోతుంటారు. రిమ్ము పెంచితే టైరు గోడ తగ్గించి మొత్తం వ్యాసం కంపెనీ ఇచ్చినంతే ఉండేలా చూసుకోవాలి.

ఎర్రగుంట్ల వైపు రోజూ తిరుగుతాను. దుమ్ము వల్ల బ్రేకులు పాడవుతాయా?

అవుతాయి. సిమెంటు, నాపరాళ్ల పొడి పలచగా ఉంటుంది, సందుల్లోకి దూరుతుంది. వాన పడగానే ముద్దగా మారి క్యాలిపర్ పిన్నుల దగ్గర, డ్రమ్ముల లోపల గట్టిపడుతుంది. పిన్ను కదలకపోతే లోపలి పాడ్ అరిగి ఇనుము దాకా పోతుంది, బయటిది కొత్తదానిలా ఉంటుంది. చక్రం సందులోంచి బయటి పాడ్ మాత్రమే చూసి "ఇంకా బాగున్నాయి" అనుకోవద్దు. మీలాంటివాళ్లు ఆరు నెలలకోసారి డ్రమ్ములు విప్పి శుభ్రం చేయించండి, పిన్నులకు వేడి తట్టుకునే సిలికోన్ గ్రీజు పెట్టించండి. మామూలు గ్రీజు కరిగి కారుతుంది, రబ్బరును ఉబ్బిస్తుంది.

శుభ్రం చేసేటప్పుడు గాలి గొట్టంతో ఊదనివ్వకండి. పాత, చవక షూలలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. బ్రేకు క్లీనర్ కొట్టి తడి గుడ్డతో తుడవాలి. ఇది బండి కంటే పని చేసే పిల్లల కోసం చెబుతున్న మాట.

వరద నీళ్లలో మునిగిన బండి సంగతి వేరు. 2021 నవంబరులో చెయ్యేరు పొంగినప్పటిలా చక్రాలు నీళ్లలో ఉండిపోతే డ్రమ్ముల్లో ఒండ్రు చేరుతుంది. ఆయిల్ మార్చి, బేరింగులతో సహా విప్పి చూడకుండా ఆ బండిని రోడ్డెక్కించొద్దు.

బ్రేకులు మారిస్తే ఆర్‌టీఓ పట్టుకుంటారా? ఇన్సూరెన్స్ సంగతేంటి?

అదే కొలతల పాడ్లు, డిస్కులు, ఆయిల్ మార్చడం మరమ్మతు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. క్యాలిపర్ రకం, డిస్కు సైజు, వెనక డ్రమ్ము తీసి డిస్కు పెట్టడం లాంటివి మార్పు కిందకు వస్తాయి. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు.

రోడ్డు మీద ఆపి క్యాలిపర్లు కొలిచేవాళ్లు తక్కువే. అసలు తలనొప్పి యాక్సిడెంట్ అయ్యాక వస్తుంది. సర్వేయర్ బండిని విప్పి చూస్తాడు. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పని మార్పు బ్రేకుల్లోనే కనబడితే క్లెయిమ్ నిలిపేయడానికి దారి దొరికినట్టే. పెద్ద మార్పు ఏదైనా చేయాలంటే ముందు ఇన్సూరెన్స్ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి. వారంటీలో ఉన్న బండి అయితే అసలు ఆ జోలికే పోకండి.

తక్కువ ఖర్చులో ఏది ముందు చేయించాలి?

ఆయిల్ పూర్తిగా మార్చడం, పిన్నులు శుభ్రం చేసి గ్రీజు పెట్టడం, వెనక డ్రమ్ములు అడ్జస్ట్ చేయడం. ఈ మూడూ ఒకే రోజు అయిపోతాయి, చిన్న కారుకు ఒక టైరు ఖరీదు కూడా కాదు. బ్రేకులు "పడటం లేదు" అన్న బండ్లలో చాలావాటికి ఇక్కడితోనే సరిపోతుంది. తర్వాత టైర్లు, ఆ తర్వాత మంచి పాడ్లు. ఇవన్నీ అయ్యాక కూడా ఘాట్‌లో ఫేడ్ వస్తోందంటే, దిగే పద్ధతి కూడా సరిగ్గానే ఉందంటే, అప్పుడు పెద్ద డిస్కుల మాట మాట్లాడుకుందాం. అప్పుడు కూడా బయటి కిట్ల కంటే అదే మోడల్ పై వేరియంట్‌లో పెద్ద డిస్కు వచ్చిందేమో మొదట చూస్తాం. రిమ్ములోపల క్యాలిపర్ పట్టాలి కాబట్టి 13, 14 అంగుళాల రిమ్ములున్న బండికి చక్రాలు కూడా మార్చాల్సి రావచ్చు, ఆ ఖర్చు ముందే లెక్కేసుకోండి.

ఇంటిదగ్గర నేనే పాడ్లు మార్చుకోవచ్చా?

చేతికి పని వచ్చినవాళ్లయితే ముందు చక్రాల పాడ్లు మార్చడం పెద్ద విద్య కాదు. జాకీ ఒక్కదాని మీదే నమ్మకం పెట్టి బండి కింద చేయి పెట్టొద్దు, స్టాండ్ వేయండి. క్యాలిపర్‌ను హోసు మీద వేలాడదీయొద్దు, తీగతో స్ప్రింగుకు కట్టండి. బోల్టులు కారు పుస్తకంలో చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించండి. పని అయ్యాక బండి కదిపే ముందు పెడల్ గట్టిపడే దాకా పంప్ చేయడం మరిచిపోతే మొదటి బ్రేకుకే గోడను గుద్దుతారు. ఆయిల్ మార్పు, ఏబీఎస్ యూనిట్ జోలికి మాత్రం ఇంట్లో పోవద్దు. లైన్లో గాలి చేరితే కొన్ని బండ్లలో స్కానర్ లేకుండా బయటికి రాదు.

గువ్వలచెరువు దిగే ముందు ఏమైనా చూసుకోవాలా?

పాలకోవా కోసం ఎలాగూ ఆగుతారు. అప్పుడే పెడల్ ఒకసారి తొక్కి పట్టుకోండి. గట్టిగా నిలబడాలి, కిందికి జారకూడదు. చక్రాల దగ్గర చేయి పెట్టకుండా దగ్గరగా చూడండి, ఒక చక్రం నుంచే వేడి ఎక్కువ కొడుతుంటే ఆ పక్క క్యాలిపర్ పట్టేసి ఉంటుంది. ముందున్న లారీకి దూరం ఉంచండి. దాని బ్రేకుల పరిస్థితి మీకు తెలియదు.

షెడ్డుకు ఫోన్ చేసేటప్పుడు ఏం చెప్పాలి?

బండి మోడల్, తయారైన సంవత్సరం, వేరియంట్, పెట్రోలా డీజిలా. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు ఫొటో తీసి పంపితే పాడ్లు సరిగ్గా అవే తెప్పిస్తాం, ఎందుకంటే ఒకే మోడల్‌లో సంవత్సరాన్ని బట్టి సైజులు మారుతుంటాయి. చివరిసారి ఆయిల్ ఎప్పుడు మార్చారో గుర్తుంటే చెప్పండి. గుర్తు లేకపోతే మార్చలేదనే అనుకుంటాం.